స్టీరియో ఆంప్లిఫయర్‌నూ హోమ్ థియేటర్ రిసీవర్‌నూ ఒకే స్పీకర్ల జతకు కలపడం ఎలా?

కృష్ణాతీరం (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. మా హాలులో సినిమాల కోసం డెనాన్ ఏవీఆర్-ఎక్స్3700హెచ్ రిసీవర్ ఉంది. పాటల కోసం విడిగా యమహా ఏ-ఎస్701 స్టీరియో ఆంప్లిఫయర్ తీసుకున్నాను. ముందు ఉన్న రెండు ఫ్లోర్‌స్టాండింగ్ స్పీకర్లు 6 ఓమ్‌లవి, వాటి సెన్సిటివిటీ 87 డెసిబెల్స్. సోఫాకూ స్పీకర్లకూ మధ్య దూరం సుమారు 3 మీటర్లు. రెండు జతల ఫ్రంట్ స్పీకర్లు పెట్టుకునే చోటు హాలులో లేదు.

సినిమా చూసేటప్పుడు ఈ జత రిసీవర్‌తో పాటు పని చేయాలి. వీణ కచేరీయో, పాత పాటలో వినేటప్పుడు రిసీవర్‌ను పూర్తిగా ఆపేసి యమహా ఒక్కదానితోనే వినాలి. ప్రతిసారీ టీవీ యూనిట్ వెనక్కి దూరి వైర్లు ఊడదీసి మళ్లీ బిగించడం అయ్యే పని కాదు. హోమ్ థియేటర్ బైపాస్ (రిసీవర్ సిగ్నల్‌ను వాల్యూమ్ నాబ్ దాటవేసి నేరుగా పవర్ ఆంప్లిఫయర్‌కు పంపే ఇన్‌పుట్) ఉన్న ఆంప్లిఫయర్ అయితే సులువని చదివాను గానీ, యమహా వెనక వైపు 'మెయిన్ ఇన్' అన్న సాకెట్ ఎక్కడా లేదు. ఏది దేనికి కలపాలో, వాల్యూమ్ ఎక్కడ ఉంచాలో వివరంగా చెప్పగలరా?

పెన్నాగట్టు (నెల్లూరు)

ఇంత ఆలోచన అవసరం లేదనుకుంటాను. రెండు ఆంప్లిఫయర్ల నుండీ వైర్లు తెచ్చి అదే స్పీకర్ టెర్మినల్‌కు బిగించండి. రెండూ ఒకేసారి ఆన్ చేయకుండా చూసుకుంటే సరిపోతుంది కదా?

శబ్దశాల (హైదరాబాద్)

పెన్నాగట్టు గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు, కానీ ఆ పని ఎవరూ చేయవద్దని గట్టిగా కోరుతున్నాను. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ల అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్ కరెంటుకు ఎదురయ్యే నిరోధం) సాధారణంగా ఓమ్‌లో పదో వంతుకన్నా తక్కువ ఉంటుంది. రెండింటి అవుట్‌పుట్‌లను ఒకేచోట కలిపితే, పని చేస్తున్న ఆంప్లిఫయర్ 6 ఓమ్‌ల స్పీకర్‌తో పాటు రెండో ఆంప్లిఫయర్ అవుట్‌పుట్ భాగాన్ని కూడా నడపవలసి వస్తుంది, అది దాదాపు షార్ట్ సర్క్యూట్‌తో సమానం. ఆపి ఉన్న ఆంప్లిఫయర్‌లో ప్రొటెక్షన్ రిలే తెరుచుకొని ఉంటుందనే ధైర్యం కూడా పనికిరాదు. రిలే అసలు లేని ఆంప్లిఫయర్లు ఉన్నాయి, ఉన్నవాటిలోనూ చాలావరకు పాజిటివ్ తీగ ఒక్కటే తెగుతుంది. ఇంట్లో ఎవరైనా తెలియక రెండో పవర్ బటన్ నొక్కితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. ఒక స్పీకర్‌కు ఒక సమయంలో ఒక్క ఆంప్లిఫయరే కలిసి ఉండాలి. ఇందులో మినహాయింపు లేదు.

కృష్ణాతీరం గారూ, మీ రిసీవర్‌లో అన్ని ఛానెళ్లకూ ప్రీ-అవుట్ సాకెట్లు (వేరే ఆంప్లిఫయర్‌కు ఇవ్వడానికి, శక్తి పెంచక ముందటి సిగ్నల్ వచ్చేవి) ఉన్నాయి కనుక మీ పని సులువు. ఫ్రంట్ స్పీకర్ల వైర్లను శాశ్వతంగా యమహాకే బిగించండి. సెంటర్, సరౌండ్ స్పీకర్లూ సబ్‌వూఫరూ డెనాన్‌కే ఉంటాయి. డెనాన్‌లో ఫ్రంట్ స్పీకర్ టెర్మినల్స్ ఖాళీగా వదిలేయండి. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌కు లోడ్ లేకపోయినా ప్రమాదం లేదు. ఇప్పుడు డెనాన్ ప్రీ-అవుట్ వరుసలో 'ఫ్రంట్' అని రాసి ఉన్న రెండు సాకెట్ల నుండి ఒక ఆర్‌సీఏ కేబుల్ జత తీసుకుని యమహా 'లైన్ 2'కు పెట్టండి. డెనాన్‌లో 'జోన్ 2' అని రాసి ఉన్న ప్రీ-అవుట్ వేరు. అది పక్క గదికి పాటలు పంపడానికి ఉద్దేశించినది, సినిమాలోని ఫ్రంట్ ఛానెళ్లు అందులో రావు. అలాగే యమహాలో 'ఫోనో' సాకెట్‌కు ఈ కేబుల్ ఎంతమాత్రం పెట్టకండి. అక్కడ సిగ్నల్ వంద రెట్ల వరకు పెరుగుతుంది, పైగా గ్రామఫోన్ రికార్డుల కోసం బాస్‌ను పెంచే ఈక్వలైజేషన్ కూడా ఉంటుంది.

సినిమా చూసేటప్పుడు డెనాన్ ఆన్ చేసి, యమహాను 'లైన్ 2'లో పెడితే చాలు. ఆ సమయంలో ఫ్రంట్ స్పీకర్లకు యమహా కేవలం పవర్ ఆంప్లిఫయర్‌గా పని చేస్తుంది, వాల్యూమ్ మొత్తం డెనాన్ రిమోట్ చేతిలో ఉంటుంది. పాటలు వినేటప్పుడు యమహాలో సీడీనో, మరో ఇన్‌పుట్‌నో ఎంచుకుంటే డెనాన్ ఊసే ఉండదు.

కృష్ణాతీరం

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. అయితే 'లైన్ 2'లో ఉన్నప్పుడు యమహా వాల్యూమ్ నాబ్ ఎక్కడ ఉండాలి? పూర్తిగా తిప్పేయాలా?

శబ్దశాల

పూర్తిగా తిప్పకండి. ఇక్కడ చిన్న లెక్క ఉంది. ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్లలో లైన్ ఇన్‌పుట్ సెన్సిటివిటీ చాలావరకు 200 మిల్లీవోల్టులు ఉంటుంది, మీ యమహా కూడా అంతే. అంటే వాల్యూమ్ పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు 0.2 వోల్టు సిగ్నల్ వచ్చినా అది తన పూర్తి 100 వాట్లూ ఇచ్చేస్తుంది. రిసీవర్ ప్రీ-అవుట్ 1 వోల్టును చాలా శుభ్రంగా ఇవ్వగలదు. 0.2కూ 1కీ మధ్య తేడా అయిదు రెట్లు, డెసిబెల్స్‌లో చెప్పాలంటే 14. కాబట్టి యమహా వాల్యూమ్‌ను పూర్తి స్థానం కన్నా 14 నుండి 20 డెసిబెల్స్ కిందికి ఉంచితే, రిసీవర్ ఇచ్చే 1 నుండి 2 వోల్టుల సిగ్నల్‌కు యమహా పూర్తి శక్తి దొరుకుతుంది. చాలా ఆంప్లిఫయర్లలో నాబ్ గీత పన్నెండు గంటల ముల్లు స్థానంలో ఉన్నప్పుడు ఇంచుమించు ఆ పరిధిలోకి వస్తుంది. అక్కడ మొదలుపెట్టండి.

మరీ పైకి ఉంచితే యమహా లోపలి సన్నని హిస్ కూడా స్పీకర్ దగ్గర వినిపిస్తుంది, రిసీవర్ తన లెవెల్ సరిచేసుకోవడానికి చోటు మిగలదు. మరీ కిందికి ఉంచితే, పెద్ద దృశ్యాల్లో రిసీవర్ ప్రీ-అవుట్ తన హద్దు దాటి సిగ్నల్ చెడుతుంది, పైగా నాబ్ బాగా కింద ఉన్నప్పుడు ఎడమ, కుడి ఛానెళ్లు సమానంగా రాని ఆంప్లిఫయర్లు కూడా ఉన్నాయి.

స్థానం నిర్ణయించాక బాస్, ట్రెబుల్, బ్యాలెన్స్ నాబ్‌లు మధ్యలో ఉంచి, లౌడ్‌నెస్ నాబ్‌ను 'ఫ్లాట్'లో పెట్టండి. యమహాలో ఈ లౌడ్‌నెస్ నాబ్‌ను చాలామంది పట్టించుకోరు, కానీ అది కదిలితే ఫ్రంట్ లెవెల్ మొత్తం మారిపోతుంది. ఆ తరువాత రిసీవర్‌తో వచ్చిన మైకును సోఫాలో చెవి ఎత్తున ఉంచి ఆడిస్సీ క్యాలిబ్రేషన్ (మైకుతో కొలిచి స్పీకర్ల స్థాయిలను రిసీవరే సరిచేసుకునే పద్ధతి) మళ్లీ మొదటి నుండి చేయండి. పూర్తయ్యాక స్పీకర్ లెవెల్స్ పేజీ తెరిచి ఫ్రంట్ ఎడమ, కుడి ట్రిమ్‌లు (ఒక్కో స్పీకర్‌కు రిసీవర్ చేసిన హెచ్చుతగ్గులు, డెసిబెల్స్‌లో) ఎంత వచ్చాయో ఇక్కడ రాయండి. డెనాన్‌లో ఆ ట్రిమ్ పరిధి మైనస్ 12 నుండి ప్లస్ 12 వరకు. ఆ రెండు కొసల్లో ఏదైనా కనిపిస్తే, అది నిజమైన కొలత కాదు, పరికరం ఇక కదలలేక అక్కడ ఆగిపోయిందని అర్థం.

లెక్కల మాస్టారు (వరంగల్)

పద్ధతి సరైనదే. కానీ ఈ చర్చ చదివి కొత్తగా స్టీరియో ఆంప్లిఫయర్ కొనాలనుకునేవారి కోసం ఒక మాట చెప్పవలసి ఉంది.

సినిమా ధ్వనికి రిఫరెన్స్ స్థాయి అంటే మనం కూర్చున్న చోట ఒక్కో ఛానెల్ ధ్వని శిఖరాలు 105 డెసిబెల్స్ అందుకోవాలి. రిసీవర్ వాల్యూమ్ 0 దగ్గర ఉన్నప్పటి మాట అది. ఇళ్లలో అంత గట్టిగా ఎవరూ వినరు. మైనస్ 20 దగ్గర వింటే శిఖరాలు 85 డెసిబెల్స్. కృష్ణాతీరం గారి స్పీకర్‌కు 1 వాట్ ఇస్తే మీటరు దూరంలో 87 డెసిబెల్స్ అనుకుందాం. 3 మీటర్లకు వచ్చేసరికి 9.5 తగ్గి 77.5 అవుతుంది. అక్కడ 85 రావాలంటే 5.6 వాట్లు చాలు. మైనస్ 10 దగ్గర విన్నా 56 వాట్లు. గది గోడల ప్రతిఫలనం కొంత కలిసొస్తుంది కనుక నిజానికి ఇంకా తక్కువే పడుతుంది. బాస్‌ను 80 హెర్ట్జ్ దగ్గర తుంచి సబ్‌వూఫర్‌కు పంపితే మరింత తేలిక. డెనాన్ తన ఫ్రంట్ ఛానెళ్లకు 8 ఓమ్‌లలో 105 వాట్లు చెబుతుంది. అది రెండు ఛానెళ్లు మాత్రమే నడిచినప్పటి లెక్క అనీ, అన్ని ఛానెళ్లూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆధారపడతాయనీ తెలుసు. అయినా 5.6 వాట్ల కోసం వేరే ఆంప్లిఫయర్ అక్కర్లేదు.

ఇక రెండూ పోల్చి, స్టీరియో ఆంప్లిఫయర్‌లో గాత్రం మరింత నిండుగా ఉందని చెప్పేవారిని నేను కోరేది ఒక్కటే. స్పీకర్ టెర్మినల్ దగ్గర వోల్టేజీ కొలిచి, రెండింటి స్థాయినీ 0.2 డెసిబెల్ లోపు సమానం చేసి, ఏది ఏదో తెలియకుండా వినండి. అర డెసిబెల్ ఎక్కువ ఉన్నది చెవికి గట్టిగా కాదు, బాగుగా అనిపిస్తుంది. అటువంటి పరీక్షలో నిలిచే తేడా ఎక్కువగా గదిలోనూ స్పీకర్‌లోనూ ఉంటుంది. క్యాలిబ్రేషన్ చేసిన రిసీవర్‌లో పాటలు వినడం చిన్నతనమేమీ కాదు.

శబ్దశాల

మాస్టారూ, మీ లెక్కతో నేను విభేదించను. పాత రిసీవర్‌తో హాయిగా ఉన్నవారిని ఖర్చు పెట్టించడం నా ఉద్దేశం కాదు. కానీ రెండూ కలపడానికి శక్తి ఒక్కటే కారణం కాదు. కొందరి స్పీకర్ల ఇంపీడెన్స్ కొన్ని ఫ్రీక్వెన్సీల్లో 3 ఓమ్‌ల దగ్గరికి దిగుతుంది, అక్కడ ఎక్కువ కరెంటు ఇవ్వగల ఆంప్లిఫయర్ నిజంగా పనికొస్తుంది. ఫ్రంట్ భారం దిగిపోతే రిసీవర్ పవర్ సప్లై సెంటర్‌కూ సరౌండ్‌కూ మిగులుతుంది, సంభాషణలన్నీ సెంటర్‌లోనే వస్తాయి కదా. మూసిన టీవీ యూనిట్‌లో మే నెల మధ్యాహ్నం రిసీవర్ ఎంత వేడెక్కుతుందో విజయవాడలో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. గంటల తరబడి పాటలు వినేవారు ఆ సమయంలో దాన్ని ఆపి ఉంచడం మంచిదే. అన్నిటికీ మించి, టర్న్‌టేబుల్ ఉన్నవారికి సూది నుండి స్పీకర్ దాకా సిగ్నల్ అనలాగ్‌గానే వెళ్లాలన్న కోరిక ఉంటుంది. రిసీవర్‌కు ఇస్తే మామూలు మోడ్‌లలో అది ముందు డిజిటల్‌గా మారుతుంది. నా దృష్టిలో వీటిలో ఏ ఒక్కటైనా చాలినంత కారణమే.

మియాపూర్ శ్రోత (హైదరాబాద్)

నాదీ ఇదే అవసరం, కానీ నా రిసీవర్‌లో సబ్‌వూఫర్‌కు తప్ప మరే ఛానెల్‌కూ ప్రీ-అవుట్ లేదు. ఇంట్లో నాన్నగారి వాల్వ్ ఆంప్లిఫయర్ ఉంది. దాన్నీ రిసీవర్‌నూ ఒక స్విచ్ బాక్స్‌తో మార్చుకోవచ్చా? కోఠీ గుజరాతీ గల్లీలో స్పీకర్ సెలెక్టర్లు చూశాను.

వేడివాల్వు (విశాఖపట్నం)

మియాపూర్ గారూ, స్విచ్ కొనడానికి ముందు దయచేసి ఇది చదవండి, ఎందుకంటే వాల్వ్ ఆంప్లిఫయర్ విషయంలో నియమం తలకిందులు అవుతుంది. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ లోడ్ లేకుండా ఉండగలదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న వాల్వ్ ఆంప్లిఫయర్ అలా ఉండలేదు. స్పీకర్ తెగిపోయి ఉండగా దానికి సిగ్నల్ వెళితే ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో వోల్టేజీ ఎగిరి, ఇన్సులేషన్ పగిలిపోవచ్చు. స్విచ్ రిసీవర్ వైపు ఉన్నప్పుడు వాల్వ్ ఆంప్లిఫయర్ ఆన్‌లో ఉండి, దానికి జత చేసిన ప్లేయర్ పాడుతూనే ఉంటే జరిగేది అదే. కాబట్టి స్విచ్ అటు తిరిగినప్పుడు వాల్వ్ ఆంప్లిఫయర్ అవుట్‌పుట్ మీద 8 ఓమ్‌ల, దాని వాటేజీని తట్టుకునే రెసిస్టర్ ఒక్కో ఛానెల్‌కు పడేలా వైరింగ్ చేయించండి. లేదా సినిమా చూసేటప్పుడు దాన్ని ప్లగ్ దగ్గరే ఆపేయండి. నేను రెండూ చేస్తాను.

శబ్దశాల

వేడివాల్వు గారు చెప్పింది అక్షరాలా నిజం. దానికి తోడు సెలెక్టర్ గురించి కొంత.

మీరు బజారులో చూసినవాటిలో చాలావరకు ఒక ఆంప్లిఫయర్‌ను రెండు మూడు జతల స్పీకర్లకు పంచేవి. మీకు కావలసింది దానికి ఎదురు, అంటే రెండు ఆంప్లిఫయర్ల నుండి ఒక జతకు మార్చేది. ఒకదానిని తలకిందులుగా వాడితే సరిపోదు, ఎందుకంటే పంచేవాటిలో రెండు బటన్లూ ఒకేసారి నొక్కవచ్చు. అలా నొక్కితే రెండు ఆంప్లిఫయర్లూ ఒకదానికొకటి తగులుతాయి, పైన మనం వద్దన్నది అదే. మీ స్విచ్ ముందు మొదటిదాన్ని పూర్తిగా విడిచి, ఆ తరువాతే రెండోదాన్ని పట్టుకోవాలి. మధ్యలో ఏదీ తగలని స్థానం ఉంటే ఇంకా మంచిది.

రెండో విషయం నెగటివ్ తీగ. చవక సెలెక్టర్లలో నల్ల టెర్మినల్స్ అన్నీ లోపల ఒకే లోహపు పట్టీకి కలిసి ఉంటాయి. చిన్న క్లాస్-డి ఆంప్లిఫయర్లలో, ఉదాహరణకు టీపీఏ3116 చిప్ ఉన్న బోర్డులలో, అవుట్‌పుట్ బ్రిడ్జ్ పద్ధతిలో ఉంటుంది. వాటి నల్ల టెర్మినల్ గ్రౌండ్ కాదు, సప్లైలో సగం వోల్టేజీ దాని మీద ఉంటుంది. దాన్ని మరో ఆంప్లిఫయర్ గ్రౌండ్‌కు కలిపితే చిప్ పోతుంది. అందువల్ల ఎడమ ప్లస్, ఎడమ మైనస్, కుడి ప్లస్, కుడి మైనస్ నాలుగూ విడివిడిగా మారే స్విచ్ మాత్రమే తీసుకోండి. మల్టీమీటర్‌లో బజర్ మోడ్ పెట్టి, అంగడిలోనే నల్ల టెర్మినల్స్ మధ్య ఒకసారి తాకించి చూడండి. బజర్ మోగితే వదిలేయండి.

స్విచ్ వద్దనుకుంటే మరో దారి ఉంది. కారు ఆడియోలో స్పీకర్ అవుట్‌పుట్‌ను లైన్ లెవెల్‌కు దించే కన్వర్టర్లు వాడతారు. రిసీవర్ ఫ్రంట్ స్పీకర్ టెర్మినల్స్ నుండి దాని ద్వారా స్టీరియో ఆంప్లిఫయర్ లైన్ ఇన్‌పుట్‌కు వెళ్లవచ్చు. 8 ఓమ్‌లలో 100 వాట్లంటే 28 వోల్టులు, దాన్ని 1 వోల్టు ప్రాంతానికి దించాలి. 10 కిలో ఓమ్‌లు వరుసగా, 390 ఓమ్‌లు అడ్డంగా పెడితే రెండు రెసిస్టర్లతోనే ఆ నిష్పత్తి వస్తుంది. కానీ రిసీవర్ నెగటివ్ టెర్మినల్ నిజంగా గ్రౌండేనని తెలియకుండా ఆ పని చేయకండి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న కన్వర్టర్ అయితే ఆ భయం లేదు. రిసీవర్ పవర్ ఆంప్లిఫయర్ నుండి వచ్చే హిస్ కూడా ఈ దారిలో కొంత కలిసి వస్తుందని గుర్తుంచుకోండి.

డాలస్ తెలుగు (టెక్సస్)

బైపాస్ ఉన్న ఆంప్లిఫయర్ కొనాలనుకునేవారి కోసం రాస్తున్నాను. యమహాలో ఏ-ఎస్1200, మరాంట్జ్‌లో పీఎం8006 వంటివాటిలో పవర్ ఆంప్లిఫయర్‌కు నేరుగా వెళ్లే ఇన్‌పుట్ ఉంది. హెగెల్ ఎచ్190, రోటెల్ ఏ12లలో మామూలు ఇన్‌పుట్‌నే స్థిర స్థాయికి మార్చుకోవచ్చు. ఆర్కామ్ దీన్నే ప్రాసెసర్ మోడ్ అంటుంది. ఎన్ఏడీ సీ 356బీఈఈ వెనక రెండు యు ఆకారపు లోహపు జంపర్లు ఉంటాయి. వాటిని లాగేస్తే ప్రీ ఆంప్లిఫయరూ పవర్ ఆంప్లిఫయరూ విడిపోతాయి.

ఈ సౌకర్యంలో ఉన్న ప్రమాదాన్ని కూడా చెప్పాలి. బైపాస్ ఇన్‌పుట్‌లో వాల్యూమ్ నాబ్ పని చేయదు. పొరపాటున అక్కడ సీడీ ప్లేయర్ పెట్టి ప్లే నొక్కితే 2 వోల్టుల సిగ్నల్ ఏ అడ్డూ లేకుండా పవర్ ఆంప్లిఫయర్‌కు వెళ్లి, ట్వీటర్లు అప్పుడే కాలిపోవచ్చు. ఆ సాకెట్ పక్కన చిన్న చీటీ అతికించి ఉంచండి.

నాది ఒక ప్రశ్న కూడా ఉంది. ఇక్కడ వాడిన 120 వోల్టుల రిసీవర్‌ను గుంటూరులోని మా అన్నయ్య వాళ్లింటికి పంపి, అక్కడి 230 వోల్టుల స్టీరియో ఆంప్లిఫయర్‌తో కలపవచ్చా?

కరెంటు పని (రాజమహేంద్రవరం)

డాలస్ గారూ, ఆర్‌సీఏ కేబుల్‌కు ఏ పరికరం ఎన్ని వోల్టుల మీద నడుస్తోందో పట్టదు, కాబట్టి కలపవచ్చు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం రిసీవర్ వెనక రాసిన వాట్లకు కనీసం ఒకటిన్నర రెట్లు సామర్థ్యం ఉన్నది తీసుకోండి. మామూలుగా దొరికేవి ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు, వాటిలో మెయిన్స్ నుండి విడదీత ఉండదు. విడి వైండింగ్‌లు ఉన్నదే అడగండి. ఇంకొకటి, 60 హెర్ట్జ్ కోసం మాత్రమే తయారైన రిసీవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇక్కడి 50 హెర్ట్జ్ ఇస్తే దాని ఇనుప కోర్ మీద భారం అయిదో వంతు పెరుగుతుంది. వెనక పలక మీద 50/60 అని రాసి ఉంటే చింత లేదు. 60 ఒక్కటే ఉంటే వేడి గమనిస్తూ ఉండాలి. అన్నయ్య గారికి ఇక్కడే ఒకటి కొనిపెట్టడం మేలని నా అభిప్రాయం.

కృష్ణాతీరం

శబ్దశాల గారు చెప్పినట్లే కలిపాను. నాబ్ పన్నెండు గంటల స్థానంలో ఉంచి క్యాలిబ్రేషన్ చేస్తే ఫ్రంట్ ట్రిమ్‌లు రెండూ మైనస్ 12 వచ్చాయి. నాబ్‌ను పదిన్నర స్థానానికి తగ్గించి మళ్లీ చేస్తే ఎడమ మైనస్ 4.5, కుడి మైనస్ 4 వచ్చాయి. ఇది సరైనదేనా? ఇంకో సమస్య: కేబుల్ పెట్టినప్పటి నుండి స్పీకర్లలో సన్నగా 'మ్' అని ఒకే శ్రుతిలో మోత వస్తోంది. డెనాన్ వాల్యూమ్ తగ్గించినా అది తగ్గడం లేదు. యమహాలో సీడీకి మారిస్తే ఆగిపోతోంది.

శబ్దశాల

ట్రిమ్‌లు చక్కగా ఉన్నాయి, ఇక కదపకండి. రిసీవర్ టెస్ట్ టోన్ పెట్టి, సౌండ్ మీటర్‌ను సీ-వెయిటింగ్, స్లో మోడ్‌లో ఉంచి ఫ్రంట్, సెంటర్ స్పీకర్లు మూడూ ఒకే అంకె దగ్గర ఉన్నాయో లేదో ఒకసారి చూడండి. ఫోన్ యాప్ అయినా ఫరవాలేదు. మనకు కావలసింది వాటి మధ్య తేడా, ఖచ్చితమైన అంకె కాదు. తరువాత నాబ్ గీతకు ఎదురుగా ముందు పలక మీద సన్నని తెల్ల టేపు ముక్క అతికించండి. మీ యమహా నాబ్ మోటారుతో తిరుగుతుంది కనుక రిమోట్‌లో ఎవరు వాల్యూమ్ నొక్కినా అది కదులుతుంది. పాటలు విన్నాక నాబ్ ఎక్కడున్నా, సినిమాకు ముందు ఆ టేపు దగ్గరికి తేవాలి. మోత సంగతి కరెంటు పని గారు చెబితే బాగుంటుంది.

కరెంటు పని

వాల్యూమ్‌తో మారని మోత, అదీ ఆ ఇన్‌పుట్‌లోనే ఉందంటే గ్రౌండ్ లూప్ కావడానికే ఎక్కువ అవకాశం. రెండు పరికరాలూ రెండు వేర్వేరు దారుల్లో భూమికి చేరితే, ఆర్‌సీఏ కేబుల్ షీల్డ్ గుండా చిన్న కరెంటు పారి 50 హెర్ట్జ్ మోతగా వినిపిస్తుంది. మన ఇళ్లలో ఆ రెండో దారి చాలాసార్లు డిష్ యాంటెన్నా నుండో, కేబుల్ టీవీ నుండో వచ్చే కోయాక్సియల్ తీగే.

ఇలా వెతకండి. అన్నీ ఆన్‌లో ఉండగా ముందు సెట్‌టాప్ బాక్స్ వెనక ఉన్న కోయాక్సియల్ తీగ విప్పండి. మోత ఆగితే దొంగ దొరికినట్లే. ఆగకపోతే హెచ్‌డీఎంఐ తీగలు ఒక్కొక్కటే తీయండి, తరువాత కంప్యూటర్ ఏదైనా కలిసి ఉంటే దాన్ని. కోయాక్సియల్ వల్లనే అయితే ఆ తీగకు ఐసొలేటర్ పెట్టించాలి. డిష్‌కు పెట్టేది మీ ఆపరేటర్‌ను అడిగి తెప్పించండి, ఎందుకంటే పైన డిష్ మీదున్న ఎల్‌ఎన్‌బీకి (సిగ్నల్ అందుకునే భాగానికి) కరెంటు అదే తీగలో వెళుతుంది, మామూలు ఐసొలేటర్ దాన్ని ఆపేస్తుంది. రిసీవర్, యమహా, టీవీ, సెట్‌టాప్ బాక్స్ అన్నీ ఒకే గోడ సాకెట్ నుండి మంచి స్పైక్ బస్టర్ ద్వారా నడపండి. అప్పటికీ ఉంటే ప్రీ-అవుట్‌కూ లైన్ ఇన్‌కూ మధ్య ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు.

ఒక్కటి మాత్రం ఎవరూ చేయకూడదు. మోత పోతుందని మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను పీకేయడం, దానికి టేపు చుట్టడం నేను చాలా ఇళ్లలో చూశాను. ఆ పరికరంలో ఇన్సులేషన్ ఎప్పుడైనా దెబ్బతింటే 230 వోల్టులు లోహపు పెట్టె మీదికి వస్తాయి, ఆర్‌సీఏ కేబుల్ గుండా మిగతా పరికరాలన్నిటి మీదికీ పాకుతాయి. పిల్లలు తిరిగే ఇంట్లో అది ప్రాణాంతకం.

కృష్ణాతీరం

సెట్‌టాప్ బాక్స్ కోయాక్సియల్ విప్పగానే మోత ఆగిపోయింది. ఆపరేటర్‌కు చెప్పాను. చివరి ప్రశ్న: పాటలు వినేటప్పుడు సబ్‌వూఫర్ పని చేయడం లేదు, ఎందుకంటే అది డెనాన్‌కు ఉంది. యమహాలో కూడా సబ్‌వూఫర్ అవుట్ ఉంది కదా, వై ఆకారపు కేబుల్‌తో రెండు అవుట్‌పుట్‌లనూ సబ్‌వూఫర్‌కు ఇవ్వవచ్చా?

శబ్దశాల

వై కేబుల్ ఒక అవుట్‌పుట్‌ను రెండు ఇన్‌పుట్‌లకు పంచడానికి మాత్రమే. రెండు అవుట్‌పుట్‌లను ఒకదానిలోకి కలిపితే ఒకటి మరొకదానిని లోడ్ చేస్తుంది, రెండు సిగ్నల్‌లూ బలహీనపడి వక్రీకరణ వస్తుంది. మీ సబ్‌వూఫర్ వెనక ఎల్‌ఎఫ్‌ఈ (సినిమా బాస్ ఛానెల్) సాకెట్‌తో పాటు విడిగా లైన్ ఇన్‌పుటో, స్పీకర్ వైర్ల హై-లెవెల్ ఇన్‌పుటో ఉందేమో చూడండి. ఆర్‌ఈఎల్ కంపెనీ సబ్‌వూఫర్ల వంటి వాటిలో ఎల్‌ఎఫ్‌ఈ, హై-లెవెల్ రెండూ ఒకేసారి పని చేస్తాయి, వాటికి విడివిడి వాల్యూమ్‌లు కూడా ఉంటాయి. అప్పుడు డెనాన్‌ను ఎల్‌ఎఫ్‌ఈకి, యమహాను రెండోదానికి ఇవ్వండి. సినిమాలో బాస్ రెండుసార్లు వస్తుందేమోనన్న సందేహం రావచ్చు. డెనాన్‌లో ఫ్రంట్ స్పీకర్లను 'స్మాల్', 80 హెర్ట్జ్‌లో పెడితే యమహాకు వెళ్లే సిగ్నల్‌లో లోతైన బాస్ ముందే చాలావరకు తుంచి ఉంటుంది కనుక ఆ ఇబ్బంది పెద్దగా ఉండదు. మీ సబ్‌వూఫర్‌కు ఒక్కటే సాకెట్ ఉంటే, రెండు ఇన్‌పుట్‌ల నుండి ఒకటి ఎంచుకునే చిన్న ఆర్‌సీఏ స్విచ్ చాలు. ఇవి తక్కువ వోల్టేజీ సిగ్నల్‌లు కాబట్టి ఇక్కడ చవక స్విచ్‌కు భయం లేదు.

ఆన్ చేసేటప్పుడు ముందు డెనాన్, కొన్ని క్షణాల తరువాత యమహా. ఆపేటప్పుడు ముందు యమహా. లేకపోతే రిసీవర్ ఆన్ అయ్యేటప్పుడు ప్రీ-అవుట్‌లో వచ్చే 'టప్' శబ్దం స్పీకర్లకు చేరుతుంది.

మియాపూర్ శ్రోత

నేను సెలెక్టర్ కొనకుండా రిలేలతో తయారు చేసుకుందామని నిర్ణయించుకున్నాను. ఎంత ఆంపియర్ల రిలే కావాలి? రిసీవర్ ఆన్ అయితే దాని 12 వోల్టుల ట్రిగ్గర్‌తో (రిసీవర్ ఆన్ అయినప్పుడు 12 వోల్టులు ఇచ్చే సాకెట్‌తో) అదే మారిపోయేలా చేయవచ్చా?

వేడివాల్వు

4 ఓమ్‌లలో 100 వాట్లంటే 5 ఆంపియర్లు, శిఖరంలో 7. కాబట్టి 10 ఆంపియర్ల కాంటాక్టులు ఉన్న, రెండు పోల్‌ల ఛేంజోవర్ రిలేలు రెండు తీసుకోండి. ఒకటి ఎడమ స్పీకర్ ప్లస్, మైనస్‌లకు, రెండోది కుడి స్పీకర్‌కు. ఛేంజోవర్ రిలే ఒకవైపు వదిలాకే మరోవైపు పట్టుకుంటుంది. కాయిల్ కరెంటు లేనప్పుడు స్పీకర్లు వాల్వ్ ఆంప్లిఫయర్ వైపు ఉండేలా వైరింగ్ చేస్తే, కరెంటు పోయినా దానికి లోడ్ తెగిపోదు. రిసీవర్ వైపు మారినప్పుడు వాల్వ్ ఆంప్లిఫయర్‌కు రెసిస్టర్ పడాలన్న పై మాటను కలిపితే రిలేలు నాలుగు కావాలి.

ట్రిగ్గర్‌తో నేరుగా నడపకండి. రిసీవర్ల ట్రిగ్గర్ సాధారణంగా 150 మిల్లీఆంపియర్ల వరకే ఇస్తుంది. 0.9 వాట్ల కాయిల్ ఒక్కటే 75 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది, అంటే రెండింటికే హద్దు వచ్చేస్తుంది. ట్రిగ్గర్‌తో ఒక చిన్న సిగ్నల్ రిలేను మాత్రం నడిపించి, దాని కాంటాక్టుల ద్వారా విడి 12 వోల్టుల అడాప్టర్ నుండి నాలుగు పెద్ద రిలేలకూ కరెంటు ఇవ్వండి. ప్రతి కాయిల్ మీదా ఒక 1ఎన్4007 డయోడ్ అడ్డంగా, దాని గీత ఉన్న కొస ప్లస్ వైపు ఉండేలా పెట్టడం మరవకండి.